మనిషి మంచివాడా, చెడ్డవాడా: చింతామణి సీమ సాక్ష్యం

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళలో బడిలో చదువు కన్నడం, ఇంట్లో మాట తెలుగు. ఇక్కడి రచ్చకట్టల మీద మనిషి బుద్ధి గురించి మాటొస్తే మూడు సామెతలు వినపడతాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటాడు ఒకాయన. మొక్కై వంగనిది మానై వంగునా అంటాడు పక్కాయన. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మూడో మనిషి అందుకుంటాడు. బుద్ధి పుట్టుకలో ఉందని ఒకరు, పెంపకంలో ఉందని ఒకరు, సావాసంలో ఉందని ఒకరు. రెండు వేల ఏళ్ళకు పైబడి చీనా పండితులు, గ్రీకులు, మన శాస్త్రకారులు, ఇప్పటి ప్రయోగశాలల వాళ్ళు రాసిందంతా దాదాపు ఈ మూడు మాటల చుట్టూ తిరిగిందే. ఆ వాదాలను ఈ సీమలో జరిగినవాటి పక్కన పెట్టి చూస్తే ఏది నిలుస్తుంది, ఏది నిలవదు?

చింతామణి తాలూకా కైవారం నుంచే మొదలుపెట్టాలి. భారతంలోని ఏకచక్రపురం తమ ఊరేనని కైవారం వాళ్ళ నమ్మకం. భీముడు బకాసురుణ్ణి చంపి ఈ కొండ కిందే తొక్కిపెట్టాడనీ, శివరాత్రికి ఇప్పటికీ ఆ రాక్షసుడి నెత్తురు కొండలోంచి ఊరుతుందనీ చెప్పుకుంటారు. భీమలింగేశ్వరుడి గుడి ఉంది. అదే ఊళ్ళో గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప యోగి అయ్యాడు. 1726లో పుట్టి 1836 దాకా, అంటే నూటపదేళ్ళు, బతికాడని సంప్రదాయం చెప్పే కైవారం తాతయ్య ఆయనే. రాక్షసుణ్ణీ యోగినీ ఒకే ఊరు తనవాళ్ళుగా చెప్పుకోవడం చూసి, మంచీ చెడూ రెండూ మనిషిలో ఉన్నాయని తేలిగ్గా అనేసి ముందుకు పోవచ్చు. కాని ఆ రెండు కథలూ అంతకంటే లోతైన మాట చెబుతున్నాయి.

బకాసురుడి కథలో మనకు గుర్తుండేది తిండిబండి, భీముడి దెబ్బలు. మనం మరిచిపోయేది ఊరు. ఆ ఊరు రాక్షసుడితో ఒప్పందం చేసుకుంది: బండెడు అన్నం, దున్నపోతులు, ఒక మనిషి, ఇంటికొక వంతు. వంతు రానన్నాళ్ళు ప్రతి ఇల్లూ మామూలుగానే తిని పడుకుంది. పక్కింటి కొడుకు బండెక్కి పోతుంటే తలుపు వేసుకున్న ఆ గృహస్థుల్లో ఒక్కరైనా దుర్మార్గులని వ్యాసుడు చెప్పలేదు. భయం ఉంది, పిల్లల మీద ప్రేమ ఉంది, ఏర్పాటు న్యాయంగా వంతుల ప్రకారమే నడుస్తోంది. చెడు ఎక్కడుందని వెతికితే రాక్షసుడి కడుపులో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆ వంతుల పద్ధతిలో ఉంది. దాన్ని ఆపింది కూడా ఊరివాళ్ళు కారు. తలదాచుకున్న ఇంట్లో ఏడుపు విని, ఆ ఇంటివాళ్ళకు బదులు తన కొడుకును పంపిన కుంతి. మనిషి స్వభావం గురించి ఈ శతాబ్దంలో వచ్చిన పెద్దపెద్ద పుస్తకాల సారం ఈ చిన్న కథలో ఉందని నా అభిప్రాయం.

ఇక శాస్త్రాల వాదాలు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు చీనా ఆచార్యుడు మెన్షియస్ మనిషి సహజంగా మంచివాడన్నాడు. బావిలో పడబోతున్న పసిబిడ్డను చూస్తే ఎవరి గుండె అయినా ఒక్కసారి జల్లుమంటుంది, పేరు కోసమో ఫలితం కోసమో కాదు, అదే రుజువన్నాడు. ఆయన తరవాతి తరంవాడైన షున్‌జి ఒప్పుకోలేదు. మనిషి స్వభావం చెడ్డదే, మంచితనమంతా సాధన చేసి తెచ్చుకున్నదన్నాడు. మెన్షియస్‌తో వాదించిన గావోజి అనే ఇంకొకాయన, స్వభావం నీళ్ళలాంటిది, కాలువ ఎటు తీస్తే అటు పోతుందన్నాడు. యూరప్‌లో క్రైస్తవ గురువు అగస్టీన్ మనిషి పాపంతోనే పుడతాడన్నాడు. 1651లో హాబ్స్, రాజ్యమనేది లేకపోతే ఒకరినొకరు చంపుకుంటారన్నాడు. 1755లో రూసో దాన్ని తిరగేసి, మనిషిని ఆస్తీ అసమానతా చెడగొట్టాయన్నాడు. మన వైపు భగవద్గీత 16వ అధ్యాయం దైవీ సంపద, ఆసురీ సంపద అని రెండు పట్టీలు ఇస్తుంది. కామక్రోధాది అరిషడ్వర్గం అందరిలో ఉంటుందని పెద్దలు ఎప్పుడూ చెప్పేదే. పోతులూరి వీరబ్రహ్మం పేర ఒకటి, కైవారం తాతయ్య పేర మరొకటి ప్రచారంలో ఉన్న కాలజ్ఞానాలు మరో దారి పడతాయి. వాటి లెక్కలో బుద్ధులు చెడేది కాలం చెడినందుకు.

వీటిలో మెన్షియస్ మాట ఈ సీమకు బాగా దగ్గర. ఆయన చెప్పిన బావి ఇక్కడ బోరుబావి. ఇక్కడ ఏడాదంతా పారే నది లేదు. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని అన్నీ నంది కొండల చుట్టుపట్ల పుట్టేవే అయినా వానొస్తేనే నీళ్ళు. చెరువులు ఎండాక వెయ్యి అడుగులు దాటి బోర్లు వేశారు. నీళ్ళు పడని బోరును మూతవెయ్యకుండా వదిలేస్తే, అందులో పిల్లలు పడిన వార్త దేశంలో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. కులం అడగకుండా మట్టి తవ్వుతారు, తెల్లవార్లూ మేలుకుంటారు. మెన్షియస్ చెప్పిన జల్లుమనడం నిజం. అయితే ఆ గుంత తెరిచి వదిలినవాడూ అలాంటి మనిషే. వాడు రాక్షసుడు కాడు, అప్పు చేసి బోరు వేసి, నీళ్ళు పడక నష్టపోయిన రైతు. ఎదురుగా ఏడుస్తున్న బిడ్డకు కరిగే గుండె, రేపు పడబోయే బిడ్డ కోసం మూత బిగించదు. అందుకే 2010లో సుప్రీంకోర్టు వదిలేసిన బోరుబావులను పూడ్చడానికి మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. మనిషిలో దయ ఉందా అంటే ఉంది. దాని చూపు ఎంత దూరం ఆనుతుందన్నదే ప్రశ్న.

ప్రయోగశాలల్లో కూడా దాదాపు ఇదే తేలింది. 2006లో వార్నెకెన్, తొమాసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర పిల్లల ముందు వస్తువు జారవిడిచి, అందుకోలేనట్టు చెయ్యి చాచారు. బహుమానం ఆశ చూపకపోయినా చాలామంది పిల్లలు లేచి తెచ్చి ఇచ్చారు. 2007లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకా చిన్నవాళ్ళను, ఆరు నెలల, పది నెలల పసికందులను, తీసుకున్నారు. కొండెక్కే బొమ్మకు సాయం చేసే బొమ్మనూ, కిందికి తోసే బొమ్మనూ చూపిస్తే పిల్లలు సాయం చేసినదాన్నే ఎంచుకున్నారు. మంచితనం పుట్టుకతోనే వస్తుందని లోకమంతా సంబరపడింది. తరవాత 30కి పైగా ప్రయోగశాలలు కలిసి అదే పరీక్షను పెద్ద ఎత్తున మళ్ళీ చేస్తే అలాంటి ఎంపిక కనబడలేదు. కాబట్టి ఆరు నెలల బిడ్డకు ధర్మాధర్మాలు తెలుసనడం తొందరపాటు. అడుగులు వేసే వయసుకు చెయ్యందించే గుణం వస్తుందనడం వరకు గట్టి మాట.

చెడు వైపు ప్రయోగాల పరిస్థితీ అంతే. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం, అధికారం ఇస్తే మామూలు విద్యార్థులు క్రూరులవుతారని చెప్పడానికి ఏళ్ళ తరబడి పాఠంగా నడిచింది. కాపలావాళ్ళను కఠినంగా ఉండమని నిర్వాహకులే పురికొల్పారని తరవాత పాత టేపులు, కాగితాలు తవ్వితే బయటపడింది. దాని మీద ఇక బరువు పెట్టలేం. 1961లో మొదలైన మిల్‌గ్రామ్ ప్రయోగం అంతకంటే నిలకడైనది. అధికారి కొనసాగించమంటే, అవతలి గదిలో మనిషి గోడ బాదినా 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా నొక్కారు. షాకు నిజంది కాదు, నొక్కినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. అందరూ చెప్పేది ఈ లెక్కే. నన్ను ఎక్కువ కట్టిపడేసింది మిల్‌గ్రామ్ చేసిన మరో పరీక్ష. పక్కన కూర్చున్న ఇద్దరు మేం చెయ్యమని లేచి నిలబడితే, చివరిదాకా పోయినవాళ్ళు 40 మందిలో నలుగురే మిగిలారు. మనుషుల స్వభావం అంతలో మారలేదు. వద్దన్న మనిషి పక్కన దొరికాడు, అంతే.

ఇంత చెప్పుకున్నాక కంబాలపల్లి దగ్గర ఆగకుండా పోవడం న్యాయం కాదు. కైవారం ఉన్న చింతామణి తాలూకాలోనే ఈ ఊరూ ఉంది. 2000 మార్చి 11న, ఇది ఇంకా కోలారు జిల్లాగా ఉన్నప్పుడు, ఇక్కడ ఏడుగురు దళితులను ఇంట్లో ఉన్నవాళ్ళను ఉన్నట్టే సజీవంగా తగలబెట్టారు. అంతకుముందు జరిగిన ఒక చావుకు ప్రతీకారమన్నారు. కోర్టులో సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది. 2014లో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడుగురు చచ్చిపోయారు, చంపినవాడు చట్టం కంటికి ఒక్కడూ లేడు. ఆంధ్రలో చుండూరుదీ ఇలాంటి కథే. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లోనే హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

ఇలాంటివి జరిగినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: కోపంలో మనిషి మృగమవుతాడు, అది స్వభావం. ఈ మాట నేను ఒప్పుకోను. రిచర్డ్ రాంగమ్ అనే మానవ పరిణామ శాస్త్రజ్ఞుడు 2019లో తెచ్చిన పుస్తకంలో మనిషి హింసను రెండుగా విడదీశాడు. ఒకటి, రెచ్చగొడితే ఒక్కసారి పైకి లేచేది. చింపాంజీలతో పోలిస్తే ఈ రకం మనలో చాలా తక్కువ. ముక్కూమొహం తెలియని యాభైమంది ఒక బస్సులో తోసుకుంటూ కూడా కొట్టుకోకుండా ఊరు చేరగలం. రెండోది, ముందుగా తలచుకుని, జట్టు కట్టి, తమకు దెబ్బ తగలని విధంగా చూసుకుని చేసేది. ఇందులో మనిషిని మించిన జంతువు లేదు. కంబాలపల్లి లాంటివి ఈ రెండో రకం. గుంపు కూడాలి, ఇల్లు గుర్తుపెట్టాలి, నిప్పు తేవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రేపు మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరన్న ధీమా ఉండాలి. కోపానికి ధీమాతో పనిలేదు, ఈ హింసకు అది లేనిదే అడుగు పడదు. ఆ ధీమా తల్లి కడుపులోంచి రాదు. ఎవరికి భూమి ఉంది, ఎవరి మాట ఠాణాలో చెల్లుతుంది, సాక్షి ఎవరి పొలంలో కూలికి పోవాలి అన్న లెక్కల్లోంచి వస్తుంది.

ఇలా జట్టు కట్టేది మామూలు మనుషులే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ రిజర్వు పోలీసు పటాలం 101 చరిత్రను క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో రాశాడు. నడివయసు సంసారులు, దాదాపు 500 మంది. 1942 జూలైలో పోలెండులోని యూజెఫోవ్ పల్లెలో యూదులను కాల్చవలసిన రోజు పొద్దున్నే, ఇష్టం లేనివాళ్ళు తప్పుకోవచ్చని వాళ్ళ అధికారే చెప్పాడు. అప్పుడు ముందుకొచ్చి తుపాకి అప్పగించినవాళ్ళు డజను మంది. మిగతావాళ్ళలో చాలామంది తోటివాళ్ళ ముందు పిరికివాళ్ళనిపించుకోవడానికి సిగ్గుపడ్డారు. ఏకచక్రపురంలో వంతులు నడిచిందీ ఇంచుమించు ఇలాగే.

కంబాలపల్లికి ఎదురు సాక్ష్యం కూడా ఈ జిల్లాలోనే ఉంది. గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థం. విదురుడు రావిచెట్టు నాటాడని పూజించే చోటు. 1938 ఏప్రిల్ 25న అక్కడ కాంగ్రెసు జెండా ఎత్తకూడదని మైసూరు ప్రభుత్వం ఆపినా జనం చేరారు, పోలీసులు కాల్చారు. ప్రభుత్వం పదిమంది చనిపోయారంది, స్మారకం దగ్గర 32 మందిని తలుచుకుంటారు. దక్షిణాది జలియన్‌వాలా అనే పేరు దీనికి అలా వచ్చింది. కాల్చినవాళ్ళూ ఈ దేశపువాళ్ళే, తూటా తిన్నవాళ్ళూ ఈ దేశపువాళ్ళే. కాని ఆ తరవాత ఏం జరిగిందో చూడండి. విచారణ సంఘం కూర్చుంది. వల్లభాయి పటేల్ వచ్చాడు, దివాను మీర్జా ఇస్మాయిల్‌తో ఒప్పందం కుదిరింది, జెండా ఎగరేసే హక్కు వచ్చింది. ఇవాళ అక్కడ వీరసౌధం ఉంది, పిల్లలను బస్సుల్లో తీసుకెళ్ళి చూపిస్తారు. ఒక దారుణానికి జవాబు అడిగే బలం వెనక ఉంటే చరిత్ర అయింది. అడిగే బలం లేనివాళ్ళది కేసు నంబరుగా మిగిలింది.

విదురుడి పేరూ ఇక్కడ ఊరికే రాలేదనిపిస్తుంది. జూదసభలో తప్పని చెప్పిన కొద్దిమందిలో ఆయన ఒకడు. ఇంకొకడు వికర్ణుడు, దుర్యోధనుడి సొంత తమ్ముడు. ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే సావాసం. అయినా నూరుగురిలో ఒకడు లేచి నిలబడ్డాడు. మూడు సామెతల్లో ఏదీ వికర్ణుడికి సరిపోదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బలంగా తోచే సాక్ష్యానికి వస్తాను. అది చెరువు. కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో చెరువు కింద నీళ్ళు పంచేవాణ్ణి నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు అని చూడడం వాడి పని. పంటలో ఇంత గింజ వాడికి కూలి. ఎక్కువచోట్ల ఈ పని దళిత కుటుంబాలదే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. నీళ్ళు తక్కువైన ఏట ఆయకట్టంతా తడపలేరు కాబట్టి, కట్టకు దగ్గరి భూమినే అందరూ వాటాలు వేసుకుని సాగుచేసే పద్ధతి కూడా కొన్ని చెరువుల కింద ఉండేది. పైమడి ఆసామి తన సొంత పొలంలో మరొకడికి తావిచ్చేవాడన్నమాట. ఉమ్మడి సొత్తును మనుషులు తప్పకుండా నాశనం చేసుకుంటారని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. తప్పకుండా అనేది తప్పని, కట్టుబాటు ఉన్నచోట శతాబ్దాలు కాపాడుకుంటారని ఎలినర్ ఆస్ట్రమ్ దేశదేశాల చెరువులు, కాలువలు, అడవులు చూసి నిరూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె పుస్తకం చదువుతుంటే మన నీరుగంటే గుర్తొస్తాడు.

ఆ ఏర్పాటు మనుషులు మంచివాళ్ళని నమ్మి పెట్టుకున్నది కాదు. మంచివాళ్ళే అయితే నీరుగంటి ఎందుకు? చెడ్డవాళ్ళని నమ్మి పెట్టుకున్నదీ కాదు. అదే అయితే చేతికర్ర ఒక్కటే ఉన్న మనిషి మాట ఎందుకు వింటారు? రాత్రిపూట గండి కొట్టే ఆశ ప్రతి రైతులోనూ ఉంటుంది. అందరి ముందు న్యాయంగా ఉండాలన్న కోరికా ఉంటుంది. మొదటిదాన్ని అదుపులో పెట్టి రెండోదానికి చోటిచ్చింది ఆ పద్ధతి. తరవాత కరెంటు మోటారు, బోరు వచ్చాయి. ఎవడి పొలంలో వాడు ఎంత లోతుకైనా పోవచ్చు, పక్కవాడి బోరు ఎండితే వాడి ఖర్మ. ఒకటి రెండు తరాల్లో భూగర్భజలం పాతాళానికి పోయింది, తాగేనీళ్ళలో ఫ్లోరైడు పైకొచ్చింది. బోరు వేసినవాళ్ళు నీరుగంటి మాట విన్నవాళ్ళ మనవలే. రెండు తరాల్లో స్వభావం మారిపోదు. మారింది కట్టుబాటు.

అయితే పాత చెరువును బంగారు కాలంగా చూపడం కూడా నాకు ఇష్టం లేదు. తూము దగ్గర ఎవరి మాటకు ఊరంతా తలొగ్గిందో, ఆ మనిషి పైకులాల బావిలో చేద వెయ్యడానికి వీల్లేదు. న్యాయంగా పంచుకోవడం, వెలివెయ్యడం ఒకే ఊరు ఒకే రోజు చేసేది, రెండింటినీ ధర్మమనే అనుకునేది. మనుషుల దయ ఒక గీత దాకా వచ్చి ఆగిపోతుందనీ, ఆ గీత గీసేది ప్రకృతి కాదనీ దీన్ని మించిన రుజువు నాకు దొరకలేదు.

గీత జరగడం కూడా ఇక్కడ చూశాం. 1977లో బాగేపల్లి కేంద్రంగా అడాట్స్ అనే సంస్థ పని మొదలుపెట్టింది. దాని ఊతంతో పల్లె పల్లెకూ కూలి సంఘాలు ఏర్పడ్డాయి. వెట్టిచాకిరిని నిషేధించే చట్టం 1976లోనే వచ్చినా, ఒంటరి జీతగాడు దాన్ని చేతపట్టుకుని ఆసామి ముందుకు పోలేడు. సంఘం వెనక ఉంటే పోతాడు. మురుగమళ్ళ సంగతీ చెప్పాలి. చింతామణి తాలూకాలోని ఆ ఊరి దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసే పోతారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళను ఎవరూ మతం అడగరు. బోధించి చేయించింది కాదు, వాడుకలో నిలిచింది.

కైవారం తాతయ్య కథలోనూ మనిషి మారగలడన్న ఈ మాటే ఉందని నాకు తోస్తుంది. గురువు ఒక రాయి ఇచ్చి, నోట్లో పెట్టుకుని ధ్యానం చెయ్యమన్నాడనీ, ఏళ్ళ సాధనకు అది కలకండ అయిందనీ చెబుతారు. నారాయణప్ప పుట్టుకతోనే వేరే మనిషని ఆ కథ చెప్పదు. సంసారం ఈదలేక ఇంటామెతో మాటలు పడ్డ గాజులవ్యాపారిగానే చూపిస్తుంది. తెలుగులో, కన్నడంలో ఆయన పాడినవి ఇప్పటికీ గురుపూర్ణిమకు కైవారంలో పాడతారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మనిషి తయారయ్యేవాడని ఆ జనం నమ్మారు, దాన్ని పండుగ చేసుకున్నారు. షున్‌జి చెప్పింది ఇదే, ఆయన చీనాలో చెప్పాడు.

నా తీర్పు దాచుకోను. కళ్ళెదుటి మనిషి బాధకు చలించే గుణం మనకు పుట్టుకతో వస్తుంది. జట్టుకట్టి, ముందే తలచుకుని బయటివాణ్ణి చంపగల శక్తీ పుట్టుకతోనే వస్తుంది. ఈ రెండింటిలో ఏది ముందుకొస్తుందన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: ఎవరిని బయటివాడిగా లెక్కగట్టాం, చేసినదానికి జవాబు చెప్పాలా వద్దా, వద్దనేవాడు పక్కన ఒక్కడైనా ఉన్నాడా. ఈ మూడూ మనుషుల చేతుల్లో ఉన్నవే. అందుకే దారుణం జరిగినచోట మనిషి బుద్ధే అంత అనడం, చేసినవాళ్ళను కాపాడే మాట. ఎవరు చేశారు, ఎవరు చూసి ఊరుకున్నారు, చట్టం ఎందుకు చేతులెత్తేసింది అని అడగడం మాని తత్త్వంలో తలదాచుకోవడం అవుతుంది.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం పంతుళ్ళకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటి. పిల్లలను కైవారం తీసుకెళ్ళండి, విదురాశ్వత్థం తీసుకెళ్ళండి, మంచిదే. కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏం జరిగిందో, ఆ తరవాత కోర్టుల్లో ఏం జరిగిందో కూడా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వాళ్ళకు చెప్పండి.